ఋతువుల యాక్టివిటీ ప్యాక్: రెండేళ్ల తర్వాత మా డాబా మీద మిగిలిన ఎనిమిది అంకె

మా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకుంటారు. ఈ ప్యాక్ తీసుకున్నప్పుడు బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి ఐదు. నెలకో కట్ట వస్తుంది. ఆ కాలానికి తగ్గ పనులు కొన్ని, ఆ నెలలో వచ్చే పండుగల పేజీలు కొన్ని. ఇలాంటివి చాలామంది చూసే ఉంటారు కాబట్టి ఏమేం ఉన్నాయో ఏకరువు పెట్టను. నేను రాయాలనుకున్నది నీడ పేజీ గురించే. అదొక్కటే ఉన్నా ఈ ప్యాక్ మళ్లీ కొంటాను.

పని చాలా చిన్నది. మీటరు పొడవు కర్రని ఇసుక డబ్బాలో నిటారుగా పాతి, వారానికోసారి మధ్యాహ్నం 12 గంటలకి నీడ కొస ఎక్కడ పడిందో అక్కడ చుక్క పెట్టాలి. పొడవు కొలిచి గడిలో రాయాలి. జనవరి నెలంతా బాబు ఎంత శ్రద్ధగా చేశాడంటే, పదకొండున్నర నుంచే గడియారం కేసి చూసేవాడు.

ఫిబ్రవరి పేజీ దగ్గర వచ్చింది చిక్కు. దిక్సూచి పెట్టుకుని ఉత్తర దక్షిణాలకి గీత గీయమన్నారు. సరిగ్గా పన్నెండుకి నీడ ఆ గీత మీద పడుతుందనీ, రోజు మొత్తంలో అదే అతి పొట్టి నీడ అనీ రాసి ఉంది. పన్నెండైంది. నీడ గీతకి బెత్తెడు పైనే పక్కకి పడింది. వాడు అరచేత్తో సుద్ద తుడిచేసి మళ్లీ గీశాడు. మళ్లీ అంతే. మూడోసారి తుడిచాక చేతులు తెల్లగా చేసుకుని కూర్చుని, "నాకు సరిగ్గా గీయడం రావట్లేదమ్మా" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. పక్కన ఇనప రెయిలింగ్ ఉంది కాబట్టి దిక్సూచి తేడా చేసిందేమో అనుకుని దూరంగా జరిపి చూశాం. దారానికి రాయి కట్టి వేలాడదీసి కర్ర ఒరిగిందేమో చూశాం. ఏ లోపమూ లేదు.

మర్నాడు పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా అయిదేసి నిమిషాలకి ఒక చుక్క పెట్టించాను. అతి పొట్టి నీడ 12:25కి వచ్చింది. ఆ చుక్క వాడు గీసిన గీత మీదే ఉంది. గీత తప్పు కాదు, వాడి చెయ్యి తప్పు కాదు. కాగితం మీద అచ్చేసిన మాట తప్పు.

కారణం వెతికితే రెండున్నాయి. గడియారంలో పన్నెండనేది ఒక పెద్ద ప్రాంతానికంతటికీ కలిపి పెట్టుకున్న లెక్క. అందులో మనం ఒక డిగ్రీ రేఖాంశం అటో ఇటో ఉంటే సూర్యుడు నడినెత్తికి రావడానికి నాలుగు నిమిషాలు తేడా వస్తుంది. రెండోది ఇంకా అందమైనది. భూమి తిరిగే దారి సరైన వృత్తం కాదు, పైగా భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉంది. ఈ రెండూ కలిసి సూర్యుణ్ణి గడియారం కంటే కొన్నాళ్లు వెనక, కొన్నాళ్లు ముందు నడిపిస్తాయి. ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు ఆలస్యం, నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందు. ఇదంతా నేనూ అప్పుడే తెలుసుకున్నాను.

నేనైతే ఇకనుంచి అతి పొట్టి నీడనే కొలుద్దామన్నాను. వాడు ఒప్పుకోలేదు. షీట్‌లో చెప్పినట్టు గడియారం పన్నెండుకే పెడతానన్నాడు. ఆ పట్టుదల మాకు మేలే చేసింది. సుద్ద చుక్కలు వానకి పోతున్నాయని పెయింట్ వాడాం. వారాలు గడిచేకొద్దీ చుక్కలు ఒక పక్కకి ఒంపు తిరుగుతూ పోయాయి, జూన్ దాటాక మళ్లీ మళ్లుకున్నాయి. వచ్చిన దారినే తిరిగొస్తాయని వాడు అనుకున్నాడు. ఆగస్టు చివర్లో చుక్క వెళ్లి ఏప్రిల్ మధ్యలో పెట్టిన చుక్క పక్కనే కూర్చుంది. ఆ తర్వాతి వారం చూసి, "అమ్మా, ఇది వెనక్కి రావట్లేదు, అవతలికి పోతోంది!" అని కేకేశాడు. నవంబర్ నాటికి ఉత్తర దక్షిణ గీతని కూడా దాటేసింది. ఏడాది తిరిగేసరికి డాబా మీద సన్నగా సాగిన ఎనిమిది అంకె తయారైంది. జూన్ వైపు చుట్టు చిన్నది, డిసెంబర్ వైపుది పెద్దది. ఫిబ్రవరి చుక్కకీ నవంబర్ చుక్కకీ మధ్య దాదాపు జానెడు ఎడం. 52 వారాల్లో 11 మబ్బుల పాలయ్యాయి. మిగిలిన 41 చుక్కలతోనే ఆ ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చుక్కల మీద వేలు పెట్టి నడిపిస్తూ సంవత్సరమంతా చెప్పగలడు వాడు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరిలోనని తెలిసినప్పుడు, "మరి అప్పుడు అన్ని చోట్లా వేసవి రావాలి కదా" అని వాడే అడిగి, నీడ పొడవుల పట్టిక తెచ్చి ఒరుగుదలే కారణమని వాడే నాకు చెప్పాడు.

పండుగల పేజీలు మాత్రం చాలావరకు కత్తిరించి అతికించడమే. పాపకి ఇష్టం, అరగంటలో అయిపోతాయి. వాటిలో నాకు నచ్చింది తేదీల పేజీ. చంద్రుణ్ణి చూస్తూ అమావాస్య నుంచి అమావాస్యకి లెక్కపెడితే సుమారు 29.5 రోజులు, పన్నెండు సార్లకి 354. ఏడాదికి 11 రోజులు తక్కువ. కొన్ని పండుగలు ఏటా ముందుకి జరగడం, కొన్ని క్యాలెండర్లు రెండు మూడేళ్లకోసారి అదనపు నెల కలుపుకోవడం అన్నీ ఆ పదకొండు రోజుల్లోంచే వచ్చాయి. పాప ఇప్పటికీ ఏ పండుగ పేరు విన్నా "ఇది చంద్రుడిదా, సూర్యుడిదా" అని అడుగుతుంది.

ఆకుల రంగుల పేజీ గురించి మొదటి నెలల్లో స్నేహితులకి గొప్పగా చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. ఆకుపచ్చని ఆకుని నలిపి స్పిరిట్‌లో వేసి వడపోత కాగితం ముంచితే, ఆకుపచ్చతో పాటు పసుపు గీత విడిగా కనిపిస్తుంది. ఆ పసుపు ముందునుంచీ ఆకులో ఉన్నదేననీ, పచ్చదనం పోయాక బయటపడుతుందనీ పిల్లలకి కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. అంతవరకు బాగుంది. కానీ మిగతా షీట్లన్నీ నాలుగు ఋతువులూ అందరికీ ఒకేలా వస్తాయనే లెక్కలో తయారుచేసినవి. కిటికీ బయట అన్నీ పచ్చగా ఉంటే లోపల ఎండుటాకుల బొమ్మలు కత్తిరించడంలో అర్థం లేదు. అందుకే మేం ఆ కట్టల్ని నెల ప్రకారం కాక, బయట ఏం కనిపిస్తే దాని ప్రకారం తీస్తున్నాం. నీడ పేజీదీ ఇదే లోపం. కర్కాటక, మకర రేఖల మధ్య ఉండేవాళ్లకి ఏడాదిలో రెండు రోజులు నడిమధ్యాహ్నం కర్ర నీడ పక్కకి పడకుండా మాయమైపోతుంది. అంత చక్కని విషయం గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఆ ఒక్క పేజీ కోసం మళ్లీ కొంటానన్నాను గానీ, నిజానికి దానికి కర్ర, డబ్బా, పెయింట్ చాలు. నేను డబ్బిచ్చింది వారం వారం నింపాల్సిన ఖాళీ గడులకి. మాలాంటి ఇంట్లో ఆ గడులు లేకపోతే మూడో వారానికే పని ఆగిపోయేది. పిల్లలే సొంతంగా చేసుకుంటారని పైన రాసి ఉంటుంది, మొదటి మూడు నెలలూ నేను పక్కన నిలబడాల్సి వచ్చింది. నాది ఇంటి దగ్గరి ఉద్యోగం, పన్నెండుకి పది నిమిషాలు దొరుకుతాయి, డాబా మీద ఎండకి అడ్డు లేదు. ఇవి కుదరని వాళ్లకి ఈ ప్యాక్ ఎంత పనికొస్తుందో నేను చెప్పలేను. గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు మార్చే చోట ఉంటే ఆ గంట సర్దుకోవడం మర్చిపోకండి, లేకపోతే ఎనిమిది విరిగిపోతుంది.

వచ్చే జనవరికి పాప తన కర్ర తనే పెట్టుకుంటానంటోంది, మధ్యాహ్నం మూడింటికి. ఆ వేళకి ఎనిమిది ఒక పక్కకి వాలుతుంది, నీడ కూడా పొడవు. డాబా సరిపోతుందో లేదో ముందు కొలవాలి.