ఉద్యోగ వేళల్లో కూలింగ్ వెస్ట్: మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న ఉద్యోగి సమీక్ష

మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో (మెదడు, వెన్నుపాముల్లోని నరాల చుట్టూ ఉండే మైలిన్ అనే రక్షణ పొర దెబ్బతినే జబ్బుతో) ఉద్యోగం చేసేవారిలో చాలామందికి పని కన్నా వేడే ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది. ఒంటి ఉష్ణోగ్రత అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా, మైలిన్ పొర దెబ్బతిన్న నరాలలో సంకేతాలు మందగించి చూపు మసకబారవచ్చు, కాళ్ళు బరువెక్కవచ్చు. ఈ లక్షణాన్ని 1890లో వర్ణించిన జర్మన్ నేత్రవైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హాఫ్ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. ఒళ్ళు చల్లబడగానే ఇది తగ్గిపోతుంది. నరాలకు కొత్తగా జరిగే నష్టమేమీ లేదు. అయితే ఆ తగ్గేలోపు మీటింగ్ ముగిసిపోతుంది.

అందుకే ఒంటిని చల్లబరిచే చేతుల్లేని తొడుగు, అంటే కూలింగ్ వెస్ట్, వాడుతున్నాను. నాది చల్లటి ప్యాక్‌లు అమర్చుకునే రకం. వీటిలో ఉండే పదార్థం దాదాపు 14 డిగ్రీల దగ్గర గడ్డకట్టి, ఒంటి వేడిని పీల్చుకుంటూ నెమ్మదిగా కరుగుతుంది. ఐసులా చర్మాన్ని కొరకదు, పైగా కరిగినంతసేపూ చల్లదనం ఒకే తీరుగా ఉంటుంది. ఐసు నీళ్ళలో వేస్తే ప్యాక్‌లు త్వరగా గట్టిపడతాయి, ఫ్రిజ్‌లో పెడితే చాలా సమయం పడుతుంది. నీళ్ళలో తడిపి తొడుక్కునే వెస్టులు తేలికగానే ఉంటాయి కానీ, గాలిలో తేమ ఎక్కువైతే నీరు ఆవిరి కాదు కనుక అవి తడిబట్టతో సమానం.

దీన్ని నీరసం వచ్చాక కాక, రాకముందే తొడుక్కోవాలి. ప్రయాణానికి ముందు కాసేపు, మధ్యాహ్నం ముఖ్యమైన పనికి కూర్చునే ముందు మరికాసేపు వేసుకుంటే, ఆ తరువాతి రెండు గంటలు తెరపై అక్షరాలు చెదరకుండా చదవగలుగుతున్నాను. పూర్తిగా అలసిపోయాక వేసుకుంటే ఉపశమనం దొరుకుతుంది కానీ పోయిన పూట తిరిగి రాదు. నిద్ర చాలకో, మందుల వల్లో, జబ్బు స్వభావం వల్లో వచ్చే అలసటను ఇది తగ్గించదు. అమ్మేవారు ఆ తేడాను స్పష్టంగా చెప్పరు.

లోపాలు చిన్నవి కావు. వెస్ట్ బరువు భుజాలను లాగుతుంది, ప్యాక్‌ల మీద చేరే చెమ్మ చొక్కాను తడుపుతుంది. అన్నిటికీ మించి, చొక్కా లోపల వేసుకున్నా అది పైకి ఉబ్బెత్తుగా కనిపించి, జబ్బు సంగతి ఎవరికి ఎప్పుడు చెప్పాలన్న నిర్ణయం మన చేతిలో లేకుండా పోతుంది. అందుకే కొనేముందే ఫ్రిజ్‌లో ఒక అర, ప్యాక్‌లు మార్చుకోవడానికి కొద్దిపాటి విరామం కావాలని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగడం మంచిది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణం పనిచేసేచోట సహేతుకమైన సర్దుబాట్లు ఉండాలంటుంది. ఇటువంటి చిన్న ఏర్పాట్లు ఆ కోవలోకే వస్తాయి. ఆ రెండూ దొరకని ఆఫీసులో ఈ వెస్ట్ పూర్తి ప్రయోజనం ఇవ్వదు.

వేడికి లక్షణాలు పెరిగేవారు దీన్ని నిస్సంకోచంగా పరిశీలించవచ్చు. చలికి కండరాలు మరింత బిగుసుకుపోయేవారు, వేళ్ళు తెల్లబడేవారు మాత్రం తమ న్యూరాలజిస్టును అడగకుండా కొనకూడదు.