మనసు వేరా, మెదడేనా?

మనసు, శరీరం రెండూ వేర్వేరని 1641లో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ వాదించాడు. భౌతికవాదులు ఒప్పుకోరు. ఉన్నది పదార్థమొక్కటే, మనసంటే మెదడు చేసే పనే అంటారు.

డెకార్ట్ వాదంలోని అసలు చిక్కు 1643లోనే బయటపడింది. చోటు ఆక్రమించని, దేన్నీ తాకలేని మనసు శరీరాన్ని ఎలా కదిలిస్తుందని బొహీమియా యువరాణి ఎలిజబెత్ ఉత్తరంలో నిలదీసింది. ఎంత గొప్ప ప్రశ్న! ఆయన జవాబులు నాకైతే సరిపోలేదు.

భౌతికవాదానికి మత్తుమందు గట్టి ఆసరా: మందు మెదడుకు చేరితే స్పృహే పోతుంది. కానీ వేలికి సూది గుచ్చుకుందనుకోండి. నరాల్లో పరుగెత్తే సంకేతాలను కొలవొచ్చు, ఆ చురుక్కుమనడం మాత్రం ఏ మీటర్‌లోనూ కనబడదు. తత్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో ‘కఠిన సమస్య’ అన్నది దీన్నే. నేను భౌతికవాదం వైపే మొగ్గుతాను, అయినా ఆ చురుకు దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను.