రాత్రి తపాలా డకోటా, మా కావలి పక్కగా

కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ రూట్లు నడపడం మొదలుపెట్టి ఏళ్లవుతోంది. బోయింగ్ 737, ఆ సంస్థకు 1976లో వచ్చిన ఎయిర్‌బస్ ఏ300, అన్నీ తిప్పి చూశా. ఏ300లో మద్రాసు-హైదరాబాద్ అంటే ఆటోపైలట్‌కి అప్పజెప్పి టీ తాగడమే. చివరికి మనసు నిలిచింది డకోటా (రెండు ఇంజిన్ల పాత ప్రొపెల్లర్ విమానం) మీద, అందులోనూ రాత్రి తపాలా రూటు మీద.

ఈ తపాలా 1949లో మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి విమానాలు బయల్దేరి నడిరాత్రికి నాగపూర్‌లో కలిసేవి. సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎక్కడివక్కడికి. 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశాక ఈ పని దానికొచ్చింది.

మద్రాసు విమానాశ్రయం మీనంబాకం నుంచి నాగపూర్‌కి మ్యాపులో గీత గీయండి. సరిగ్గా నెల్లూరు నెత్తిన పోతుంది. ఆపైన కావలికి కాస్త పడమర, కందుకూరు, దర్శికీ అద్దంకికీ నడుమ, అక్కడినుంచి కృష్ణ దాటడం. సుమారు 900 కిలోమీటర్లు, డకోటా వేగానికి మూడు గంటల పైమాటే. "ఏందండీ, మీరు నాగపూర్ పోయొచ్చేలోపు తెల్లారేటట్టుందే" అని మా ఆవిడ.

అసలు మజా టేకాఫ్‌లోనే ఉంది. తోక చక్రం బండి కాబట్టి నేల మీద ముక్కు పైకి లేచి ఉంటుంది, ఎదురుగా రన్‌వే కనపడదు. టాక్సీ చేసేటప్పుడు అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ పక్క అద్దంలోంచి చూసుకోవాలి. థ్రాటిల్ (ఇంజిన్ పవర్ లీవర్) గబుక్కున తోస్తే ఎడమకి లాగేస్తుంది. నెమ్మదిగా తోస్తూ కుడి రడ్డర్ పెడల్ (ముక్కును పక్కకు తిప్పేది) తొక్కుతూ ఉంటే తోక దానంతటదే లేస్తుంది, అప్పుడు గానీ ముందేముందో తెలీదు. పెడల్స్ లేకుండా ఈ విమానం జోలికి పోవద్దు. జాయ్‌స్టిక్ మెలితిప్పి చేసేది కాదు.

నచ్చనిది రాత్రి. సంవత్సరం 1955 అని పెట్టినా కింద ఇప్పటి హైవే దీపాలు, కృష్ణపట్నం పోర్టు వెలుగులు. ఆ కాలపు చీకటి ఎక్కడిది? అందుకే కింద మబ్బు పొర పరిచి, మూవింగ్ మ్యాప్ ఆపేసి, 352 డిగ్రీల హెడింగ్ (దాదాపు ఉత్తర దిక్కు) పట్టుకుని గడియారం చూసుకుంటూ పోతా. పాత రేడియో బీకన్లు (నేల మీంచి సిగ్నల్‌తో దారి చూపేవి) డేటాలో లేవు, అది నిజంగా లోటే. ఇంజిన్ల శబ్దానికి మాత్రం పూర్తి మార్కులు వేస్తా, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

కరెంటు పోయే ఊళ్లో ఉంటే యూపీఎస్ తప్పదు. ఇంకోటి, కందుకూరు మీద ఒక ఇంజిన్ ఆపి ప్రాక్టీసు చేసేవాళ్లకు గన్నవరమైనా రేణిగుంటైనా దాదాపు ఒకే దూరం. రేణిగుంట దగ్గర తిరుమల కొండలున్నాయి, నేనైతే గన్నవరానికే మళ్లుతా.