మాకా దుంప టీ: చాలాకాలం తాగిన తరువాత

ఉద్యోగరీత్యా లిమాలో ఉంటున్న నేను ఉదయపు కాఫీ స్థానంలో మాకా టీ తాగడం మొదలుపెట్టి చాలాకాలమైంది. పెరూ మధ్యభాగంలోని హునిన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 4,000 మీటర్లు దాటిన ఎత్తులో, చాలా పంటలు తట్టుకోలేని చలిలో పండే దుంప ఇది. ముల్లంగి, ఆవాల కుటుంబానికి చెందినది కనుక పొట్లం విప్పగానే ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది.

ఇక్కడి దుకాణాల్లో దొరికే టీ సంచుల మీద డబ్బు పెట్టడం దండుగ. ఎంతసేపు నానినా నీటికి లేత రంగు వస్తుందే గాని దుంప రుచి దిగదు. ఎండబెట్టిన ముక్కల సంగతి వేరు. రాత్రి నానబెట్టి, ఉదయం అదే నీటిలో సన్నని సెగ మీద అరగంటకు పైగా మరిగిస్తే ముల్లంగి ఘాటు క్రమంగా తగ్గి, పంచదార పాకం ముదిరినప్పటి కమ్మని వాసన వంటిల్లంతా అలుముకుంటుంది. అడుగున చేరే పిండిలాంటి మడ్డిని వడకట్టి పారేయకుండా కలుపుకొని తాగితేనే ఆ చిక్కదనం తెలుస్తుంది. తీపికి ఇక్కడి చంకాకా వేస్తాను. అది మన బెల్లమే అనుకోవచ్చు. పసుపు, ఎరుపు, నలుపు రకాల్లో నలుపుకు ధర ఎక్కువ, కానీ టీకి నా ఓటు పసుపు రకానికే, ఎందుకంటే అందులో చేదు తక్కువగా అనిపించింది.

ఇక గుణాల విషయం. పెట్టెల మీద రాసేవన్నీ నమ్మితే ఈ దుంపకు సాధ్యం కానిది లేదు! నాకు కనిపించిందల్లా మధ్యాహ్నం వరకు ఆకలి ఆగడం, కాఫీ మానినా నీరసం రాకపోవడం. మాకాలో కెఫీన్ లేదు కనుక ఇందులో అలవాటు మారిన ఫలితం ఎంతో, దుంప మహిమ ఎంతో విడదీసి చెప్పలేను. మగవారి హార్మోన్లను పెంచుతుందన్న ప్రచారం మాత్రం నిలబడదు. 2002లో పెరూ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యవంతులైన పురుషులు రోజుకు 1.5 లేదా 3 గ్రాముల చొప్పున 12 వారాలు మాకా తీసుకున్నా, లైంగిక కోరిక పెరిగిందని కొందరు చెప్పారే తప్ప, రక్తంలో టెస్టోస్టెరాన్ మారలేదు. థైరాయిడ్ సమస్య ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకూడదు. క్యాబేజీలో ఉన్నట్లే, అయోడిన్ పనికి అడ్డుపడగల పదార్థాలు ఇందులోనూ ఉన్నాయి.

పచ్చి పొడిని వేడినీళ్లలో కలిపి తాగిన రోజుల్లో కడుపు ఉబ్బరంగా ఉండేది. మరిగించిన ముక్కలతో ఆ ఇబ్బంది రాలేదు; దుంపను ఉడికించే తినాలని ఇక్కడివారు చెప్పేదీ అందుకే కావచ్చు. ముక్కలు దొరకక పొడే కొనవలసి వచ్చేవారు, పిండిపదార్థాన్ని ముందే ఉడికించి తయారుచేసిన, జెలటినైజ్డ్ అని రాసి ఉన్న రకాన్ని తీసుకొని, మొదట్లో రోజుకు ఒక చెంచా లోపే వాడితే మంచిది.