పదో తరగతి తర్వాత సైన్సు ఏ స్థాయిలో చదవాలి: హనుమకొండలోని ఒక సలహా సేవపై సమీక్ష

పరకాల దగ్గరి గ్రామంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదివిన మా మేనకోడలి కోసం, హనుమకొండలో ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడూ, జీవశాస్త్రం బోధించిన ఆయన భార్యా కలిసి తమ ఇంట్లోనే నడుపుతున్న విద్యా సలహా సేవను ఉపయోగించుకున్నాం. తమ పేర్లు ప్రచారంలోకి రావడం వారికి ఇష్టం లేదు కనుక వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు. అయితే వారు పని చేసే పద్ధతి తెలిస్తే, ఇటువంటి సలహా కోసం మరెక్కడికి వెళ్లినా అక్కడ ఏమి అడగాలో తల్లిదండ్రులకు తెలుస్తుందన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

సంక్రాంతి దాటగానే ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు రావడం మన ప్రాంతంలో ఏటా జరిగేదే. మా అక్క ఇంటికి వచ్చిన ఒకాయన, పిల్ల పుస్తకం ఒక్కటి కూడా చూడకుండానే, ఆమెను నీట్ (వైద్య విద్య ప్రవేశ పరీక్ష) బ్యాచ్‌లో చేర్చాలనీ, ఆ వారంలోనే సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ ఉంటుందనీ చెప్పి వెళ్లాడు. పరీక్షలు కూడా రాయని పిల్ల భవిష్యత్తును రాయితీ గడువుతో ముడిపెట్టడం నాకు చాలా బాధ కలిగించింది. ఈ దంపతుల దగ్గరికి వెళ్లడానికి అదే కారణమైంది.

వారు ముందుగా అడిగింది మార్కుల జాబితా కాదు, నోటు పుస్తకాలు. మన రాష్ట్రంలో పదో తరగతి సైన్సును భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా, వేర్వేరు పాఠ్యపుస్తకాలతో బోధిస్తారు కనుక, ఆ రెండింటి నోటు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. జవాబులు గైడు నుంచి దించుకున్నవా, సొంత మాటల్లో రాసుకున్నవా, బొమ్మల్లో భాగాలను పిల్ల తనంతట తాను గుర్తించిందా అన్నవి వారి పరిశీలనలోని అంశాలు. తరువాత విద్యుత్ పాఠం నుంచి ఒక లెక్క ఇచ్చి, చేస్తున్నంతసేపూ ఏమి ఆలోచిస్తున్నదో పైకి చెప్పమన్నారు. ఓం నియమం ఆమెకు గుర్తుంది, సూత్రంలో విలువలు వేయడమూ వచ్చింది, కానీ నిరోధాలను సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం ఎందుకు తగ్గుతుందని అడిగితే ఆగిపోయింది. అదే పిల్ల, ఆకులో పిండి పదార్థం ఉన్నదో లేదో చూసే ప్రయోగంలో ఆకును ఆల్కహాలులో ఎందుకు మరిగిస్తారో, అయోడిన్ ఎప్పుడు వేస్తారో ఎవరూ అడగకుండానే చెప్పుకుంటూ పోయింది. "ఏ పాఠం చదువుతుంటే నీకు టైం తెల్వదు బిడ్డా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా పిల్ల "మొక్కల పాఠాలు సార్" అనడానికి క్షణం కూడా పట్టలేదు.

ఆపైన వారు చెప్పిన విషయమే ఈ సేవలో అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. ఇంటర్మీడియట్‌లో చేరేటప్పుడు మనం ఒకే ప్రశ్నగా భావించేది నిజానికి రెండు ప్రశ్నలు: ఏ గ్రూపు సర్టిఫికెట్ కావాలి అన్నది ఒకటి, ఆ గ్రూపుతో పాటు ఏ ప్రవేశ పరీక్ష బరువును పిల్ల మోయాలి అన్నది రెండోది. మేము వెళ్లిన నాటికి అమలులో ఉన్న పద్ధతిలో ఎంపీసీ (గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అయినా బైపీసీ (జీవశాస్త్రం, ఫిజిక్స్, కెమిస్ట్రీ) అయినా రెండేళ్లకు కలిపి 1000 మార్కులే. బైపీసీలో బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు ఏడాదికి 60 చొప్పున థియరీ మార్కులు, ఒక్కో సబ్జెక్టుకు 30 చొప్పున ప్రాక్టికల్స్ ఉండేవి. సర్కారు కాలేజీలో చదివినా, నీట్ బ్యాచ్‌లో చదివినా ఇంటర్ బోర్డు ఇచ్చే మెమో ఒక్కటే. కాలేజీలు వేర్వేరు పేర్లతో, వేర్వేరు ఫీజులతో అమ్మేది ఆ రెండో బరువును మాత్రమే.

ఆ బరువులో తేడా ఎంతో అంకెలతో చూపించారు. ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ కోర్సులకు రాష్ట్రం నిర్వహించే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. దాని అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో 160 ప్రశ్నలకు 160 మార్కులు, అందులో 80 జీవశాస్త్రానివి, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు నలభయ్యేసి. తప్పు జవాబుకు మార్కు పోదు. నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత, పైగా పోటీ దేశవ్యాప్తం. రెండింటిలోనూ సగం జీవశాస్త్రమే అయినా, నీట్‌లో ఫిజిక్స్ దగ్గర వెనకబడిన పిల్లలే లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో మరో ఏడాది, రెండేళ్లు హాస్టళ్లలో గడపడం ఆయన తన సర్వీసులో చూస్తూ వచ్చారట. పత్తి, మిర్చి పండించే ఇంటి నుంచి వచ్చి, మొక్కలంటే ఇంత ఇష్టమున్న మా మేనకోడలికి బైపీసీ సరైనదనీ, దానితో పాటు ఈఏపీసెట్ బరువు చాలుననీ, నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్‌ను లక్ష్యంగా పెట్టుకోవచ్చుననీ చెప్పారు. ఆ కోర్సు నడిపే ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వరంగల్‌లోనే ఒక కళాశాల ఉన్న సంగతి మా బావకు అప్పటిదాకా తెలియదు. మొదటి ఏడాది ఫిజిక్స్ బాగా పట్టుబడితే నీట్ గురించి అప్పుడు ఆలోచించవచ్చని, ఆ దారి మూసుకుపోదని కూడా స్పష్టంగా చెప్పారు.

ఇతర దారులను కూడా వారు వదలలేదు. గణితం మీద, యంత్రాల మీద ఆసక్తి ఉండి త్వరగా ఉద్యోగం కావాలనుకునేవారికి పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) ద్వారా మూడేళ్ల డిప్లొమా ఉంది. అది పూర్తి చేసినవారు ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి ప్రతిభ ఆధారంగా ఆరేళ్ల సమీకృత బీటెక్‌లో ప్రవేశం దొరుకుతుంది. బీఫార్మసీకైతే ఎంపీసీ వారూ, బైపీసీ వారూ అర్హులే. కానీ ఇంటర్ ఒకేషనల్ కోర్సుల గురించి వారు చెప్పింది చాలా తక్కువ. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ వంటి కోర్సు చదివి, బ్రిడ్జి కోర్సు (సాధారణ ఇంటర్ సబ్జెక్టుల అదనపు పరీక్ష) రాసి పై చదువులకు వెళ్లే అవకాశాన్ని నేను అడిగితే తప్ప ప్రస్తావించలేదు. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా వచ్చే చోట దీనిని ముందుగానే చెప్పాలి.

నాకు అసంతృప్తి మిగిలిన మరో విషయం మాధ్యమం. తెలుగు మాధ్యమంలో సైన్సు చదివిన పిల్లకు కిరణజన్య సంయోగక్రియ అర్థమైనంత మాత్రాన, ఇంటర్‌లో అదే పాఠం ఇంగ్లిషులో అర్థమవుతుందని అనుకోలేము. ఈ మార్పుకు వేసవి సెలవుల్లో ఎలా సిద్ధం కావాలో ఒక పట్టిక ఇస్తే బాగుండేది. వారు ఇచ్చిన రాతపూర్వక నివేదిక కూడా ఇంగ్లిషులోనే ఉంది. దానిని మా అక్క చదవలేకపోయింది. నేను కూర్చుని వాక్యం వాక్యం చెప్పవలసి వచ్చింది. నిర్ణయం తీసుకోవలసిన తల్లి చేతిలో పెట్టే కాగితం ఆమెకు వచ్చిన భాషలో ఉండాలని వారికి చెప్పాను, అంగీకరించారు.

ఫీజు 1,500 రూపాయలు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సగమే తీసుకుంటారు. ఏ కాలేజీ పేరూ సిఫారసు చేయరు, ఏ కాలేజీ కరపత్రాలనూ ఇంట్లో ఉంచరు. సర్కారు జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదనీ, గురుకులాల ప్రతిభా కళాశాలల్లో ప్రవేశ పరీక్షల శిక్షణ ఉచితమనీ చెప్పడానికి సంకోచించరు. ఇక ముందు వెళ్లేవారికి నా సలహా ఏమిటంటే, వార్షిక పరీక్షలకు ముందే, ఏ కాలేజీకీ అడ్వాన్సు కట్టకముందే వెళ్లండి. రెండు సైన్సుల నోటు పుస్తకాలతో పాటు గణితం నోటు పుస్తకాన్ని కూడా తీసుకుపోండి, పిల్లను మాట్లాడనివ్వండి. ఆదివారం రద్దీ ఎక్కువగా ఉంటుంది కనుక వారంలో మరో రోజు సాయంత్రం వెళితే తీరికగా మాట్లాడతారు.