చర్లపల్లిలో దిగి చెత్తగుట్ట దాకా

హైదరాబాదు వెళ్తున్నామంటే చార్మినార్ చూస్తారా, సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తారా అని అడుగుతారు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చూడబోతున్నామని చెప్పేసరికి రైల్లో ఎదుటి సీటు పెద్దాయన పులిహోర పొట్లం మళ్లీ కట్టేసి కిటికీ వైపు తిరిగిపోయారు. ఆయన తప్పేమీ లేదు. మా చిన్న పట్టణంలో చెత్త వేయడానికి కొత్త స్థలం వెతుకుతున్నారు. అది ఖరారయ్యేలోగా ఒక మహానగరం ఈ పని ఎలా నెట్టుకొస్తోందో చూసి రావాలని వార్డు కమిటీ నుంచి నలుగురం బయలుదేరాం. పోయిన శ్రావణంలో రెండు రాత్రుల ప్రయాణం.

చర్లపల్లిలో దిగడం మంచిదయింది. 2025 జనవరిలో ప్రారంభమైన కొత్త టెర్మినల్ విశాలంగా, శుభ్రంగా ఉంది. యార్డు వైపు వెళ్లేవాళ్లకు సికింద్రాబాదు కంటే ఇదే దగ్గర. బయటికి రాగానే మాత్రం ఆటో బేరాలు మొదలు. మాలో పెద్దవారైన సుబ్బమ్మ వదిన, మొదట చెప్పిన ధర సగానికి దిగేదాకా సంచి కింద పెట్టలేదు.

మొదటి రాత్రి బస ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర ఒక లాడ్జిలో. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్లు ఉదయం ఏడు దాటితే రావు. కిటికీ రెక్క పూర్తిగా మూసుకోదు. ఫిర్యాదు చేస్తే గుమస్తా "గాలి ఆడుతుందమ్మా, మంచిదే" అన్నాడు. ఆ మాట విలువ మరుసటి రాత్రి తెలిసింది. అక్కడ బస చేయాలనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే: గది చూసే ముందు కిటికీ చూడండి. ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు, అల్లం చట్నీ మాత్రం రెండు పూటలా తిన్నాం.

ఉదయం ముందుగా నగరంలోని ఒక ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు వెళ్లాం. ఈ యాత్రలో అన్నిటికంటే చూడదగ్గది ఇదేనని నా అభిప్రాయం. యార్డు చూస్తే బెరుకు పుడుతుంది, ఇక్కడ మాత్రం అసలు సంగతి అర్థమవుతుంది. ఇంటింటికీ తిరిగే స్వచ్ఛ ఆటోలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి చెత్త దింపుతాయి. దాన్ని పెద్ద వాహనాల్లోకి అదిమి నింపి యార్డుకు పంపుతారు. 2015లో ఈ ఆటోలతోపాటు ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు, తడి ఒకదానిలో, పొడి ఒకదానిలో వేయమని. మేము నిలబడి ఉన్న గంటలో వచ్చిన బళ్లలో నిజంగా వేరు చేసి తెచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అన్నం మెతుకులు, పాల ప్యాకెట్లు, కొబ్బరి బొండాలు, పసిపిల్లల డైపర్లు అన్నీ ఒకే ముద్ద. ఒక ఆటో వెనుక వేలాడుతున్న గోనెసంచుల్లో మాత్రం అట్టముక్కలు, సీసాలు ఎంతో పొందికగా సర్ది ఉన్నాయి. అవి పాత సామాను కొట్టుకు వెళ్తాయట. డబ్బు వచ్చేదాన్ని మాత్రం ఎవరూ కలిపి పారేయడం లేదు.

మధ్యాహ్నం యార్డు. అనుమతి లేనిదే లోపలికి పంపరు. మాకు లేఖలు తిప్పడానికే రెండు వారాలు పట్టింది, వెళ్లేవారు ముందే చూసుకోవాలి. బూట్లు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. వానాకాలంలో చీరతో వెళ్లకండి, నేను వెళ్లి అనుభవించాను.

గేటు దగ్గర కాటా మీద ప్రతి బండినీ తూచి లోపలికి వదులుతారు. నగరం రోజూ విసిరేది ఏడు వేల టన్నులకు పైమాటే. 300 ఎకరాలు మించిన ఈ స్థలానికి ఈ శతాబ్దం మొదట్లో చెత్త తోలడం మొదలైంది. 2012 నుంచి ప్రైవేటు సంస్థ నిర్వహిస్తోంది. జల్లెడ యంత్రాల్లో మెత్తటిది విడిపోయి కంపోస్టు వైపు, మండే గుణమున్నది ఇంధనం వైపు, దేనికీ పనికిరానిది గోతుల్లోకి వెళ్తాయి. అంతకుముందు ఏళ్ల తరబడి పోగుపడిన సుమారు 120 లక్షల టన్నుల చెత్తను మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పి పైన గడ్డి పెంచారు. దూరం నుంచి చూస్తే పచ్చటి గుట్ట. మాతో వచ్చిన కుర్రవాడు ఫొటో తీసుకుని ఊటీలా ఉందన్నాడు. దగ్గరికి వెళ్తే గడ్డి మధ్య గొట్టాలు కనిపిస్తాయి, లోపల కుళ్లుతూ పుట్టే గ్యాసు బయటికి పోవడానికి. మూత వేశారే కానీ కింద వంట ఆగలేదు.

కరెంటు ప్లాంటు 2020లో మొదలైంది. అప్పట్లో 19.8 మెగావాట్లు, తర్వాత 24 అయింది. దాన్ని 48కి పెంచడం విస్తరణ ప్రణాళికలో భాగం. దుండిగల్‌లో మరో 14.5 మెగావాట్ల ప్లాంటు ఉంది. చెత్తను లోతైన గోతిలో కొన్ని రోజులు ఉంచి నీరు ఓడ్చాక క్రేను గుప్పిటతో ఎత్తి కొలిమిలో వేస్తారు. తడి ఎక్కువైతే మంట నిలవదు. పొద్దున చూసిన ముద్ద గుర్తుకొచ్చింది. వేల టన్నుల యంత్రాలు చివరికి మన వంటింట్లో కలిసిపోయిన రసం ఆరేదాకా కాచుకుని కూర్చుంటాయి.

ఆ రసమే దిగువకు వెళ్తుంది. యార్డు కింద మల్కారం చెరువు ఉంది. చెత్త నుంచి ఊరిన నల్లటి నీరు ఏళ్లపాటు అందులోకే దిగింది. 2023లో రోజుకు 20 లక్షల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ప్రారంభించారు. గట్టున నిలబడితే ఆ ప్రయత్నమూ కనిపిస్తుంది, దాని ఆలస్యమూ కనిపిస్తుంది. మేము అక్కడ ఎక్కువసేపు మాట్లాడుకోలేదు.

రెండో రాత్రి యార్డుకు దగ్గర్లోనే ఉన్న దమ్మాయిగూడలో పిన్ని ఇంట్లో. లాడ్జి కంటే ఎన్నో రెట్లు నయం, గోంగూర పచ్చడి సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ వాన వెలిసి గాలి మళ్లగానే పిన్ని లేచి కిటికీలన్నీ బిగించింది. బట్టలు లోపలికి తెచ్చింది, పిండి డబ్బా మూత సరిచూసింది. ముప్పై ఏళ్ల క్రితం చవకగా వస్తుందని కొన్న ఇల్లు. బోరు నీళ్లు గిన్నెలకే, తాగడానికి డబ్బా నీళ్లు. "నీకు వాసన వస్తోందా? నాకు తెలియడం మానేసింది" అంది. వియ్యాలవారిని మాత్రం వేసవిలోనే పిలుస్తుందట.

మర్నాడు కీసరగుట్ట వెళ్లి రామలింగేశ్వరుణ్ణి దర్శించుకున్నాం. గుట్టంతా చెల్లాచెదురుగా శివలింగాలు, చల్లటి గాలి. రద్దీ లేని రోజు కావడంతో దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది. ప్రసాదం బాగుంది. యార్డు చూసినవాళ్లు తప్పకుండా వెళ్లాలి, ఊపిరితిత్తుల కోసమైనా.

ఫతుల్లగూడలో భవన శిథిలాలను పొడి చేసి ఇసుక, కంకర తీసే ప్లాంటు ఉంది. సమయం చాలక బయట నుంచే చూశాం. జవహర్‌నగర్ మీద భారం తగ్గించడానికి సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో కొత్త యార్డు ప్రతిపాదించగా, 2025లో అక్కడి ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. మల్కారం చూశాక వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు.

ఊరికి తిరిగొచ్చిన వారానికి కమిటీ సమావేశం జరిగింది. పటం బల్ల మీద పరిచి, ఎకరాలెన్నో, ధరెంతో వివరించారు. సుబ్బమ్మ వదిన కళ్లద్దాలు పెట్టుకుని పటం తనవైపు తిప్పుకుంది. ఆ స్థలానికి దిగువన చెరువు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది.