స్మార్ట్ మీటర్ ‘వద్దు’ ఫారం పేరుతోని పైసలు గుంజుతున్నరు: హనుమకొండ దిక్కు వాళ్లు జాగ్రత్త

హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి దిక్కు ఉండేటోళ్లు, ముఖ్యంగ పగటిపూట ఇంట్ల పెద్దోళ్లను ఒక్కళ్లనే ఇడిచిపెట్టి పనికి పోయేటోళ్లు ఇది కొసదాకా చదవండి. “స్మార్ట్ మీటర్ వద్దని రాసిస్తం, మీ ఇంటికి మినహాయింపు తెస్తం” అని నమ్మించి మా అత్తమ్మ దగ్గర 3,800 రూపాయలు తీస్కపోయిన్రు. అందుల 1,200 ఒక ఫారానికి, 2,600 కరెంటు బిల్లు తగ్గిస్తదని అమ్మిన ‘పవర్ సేవర్’ అనే ఒక ప్లాస్టిక్ డబ్బాకు. ఆ ఫారం ఏ ఆఫీసుల చెల్లది. ఆ డబ్బా ఒక్క యూనిట్ గూడ తగ్గియ్యది. రెండు సంగతులూ మేము పైసలు పోయినంక తెలుసుకున్నం. మీకు ముందుగాలనే తెల్వాలని రాస్తున్న.

మాది గోపాల్‌పూర్ దిక్కు. మే నెలల ఒకరోజు పగటీలి పన్నెండున్నరకు బండి మీద ఇద్దరు పిలగాండ్లు వచ్చిన్రు. నేను చౌరస్తా కాడ బట్టల షాపుల పనికి పోయిన, మా ఆయన కాజీపేటల డ్యూటీల ఉన్నడు. మెడల కార్డులు, చేతుల ట్యాబు. “కరెంటు మీటర్ చూడాలె పెద్దమ్మా” అనంగనే అత్తమ్మ గేటు తీసింది. నెలనెలా బిల్లు కొట్టేటాయన వస్తడు గదా, అట్లనే అనుకున్నది. వాళ్లు మీటర్ ఫొటో తీసుకున్నరు, పాత బిల్లు అడిగి సర్వీస్ నంబర్, ఫోన్ నంబర్ రాసుకున్నరు. అటెన్క వరండల కూసోని మొదలువెట్టిన్రు.

“వచ్చే నెల మీ లైన్ల అందరికీ స్మార్ట్ మీటర్లు వెడ్తరు. ఫోన్ లెక్క ముందుగాలనే రీచార్జ్ చేసుకోవాలె. పైసలు అయిపోతే అర్ధరాత్రి అయినా సరే, ఆఫీసుల కూసోనే కరెంటు బంద్ చేస్తరు. జీరో బిల్లు గూడ ఉండది.”

మా మామయ్యకు ఆస్తమా. రాత్రిపూట దమ్ము ఎక్కువైతే నెబ్యులైజర్ పెట్టాలె. ఆ మిషను ఆయన మంచం పక్కనే స్టూలు మీద ఉంటది, వరండల కెల్లి కనబడ్తది. అందుల ఒకడు దాన్ని చూసి “ఆ మిషను నడుమల ఆగిపోతే పెద్దయ్య గతి ఏంది పెద్దమ్మా?” అన్నడట. ఆ మాటతోని అత్తమ్మ చేతులు వణికినయట. మామయ్య పింఛను 2,016, దానికి నేను గ్యాసుకు, కూరగాయలకు ఇచ్చిపోయిన పైసలు కలిపి వాళ్ల చేతుల వెట్టింది. పైసలు పోతే పోయినయి గని, ఆ నెబ్యులైజర్ మాట యాదికొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతది.

పొద్దుగూకినంక నేను ఇంటికొచ్చి ఆ కాయితాలు చూసిన. పైన పెద్ద అక్షరాలతోని “స్మార్ట్ మీటర్ మినహాయింపు దరఖాస్తు” అని తెలుగుల ఉన్నది, కింద అత్తమ్మ వేలిముద్ర. ఏ ఆఫీసుకు రాసిన్రో లేదు, తీసుకున్నట్టు ముద్ర లేదు, నంబర్ లేదు. దాని ఎనుక ఇంగ్లిష్‌ల ఉన్న రెండు జిరాక్స్ పేజీలు పిన్ను కొట్టి ఉన్నయి. గులాబి రంగు రసీదు మీద “సర్వీస్ చార్జ్” అని మాత్రం రాసిన్రు. జీఎస్టీ నంబర్ లేదు, అడ్రస్ లేదు. ఫోన్ చేస్తే మొదటి రోజు ఎత్తిన్రు, “ప్రాసెస్‌ల ఉన్నది మేడం” అన్నరు. మూడో రోజు నుంచి స్విచాఫ్.

మా చిన్నమ్మ కొడుకు హనుమకొండ కోర్టుల ప్రాక్టీస్ చేస్తడు. ఆ జిరాక్సులు చదివి, “అక్కా, ఇది అమెరికాల కాలిఫోర్నియా సంగతి” అన్నడు. అక్కడ జనం గొడవ చేస్తే 2012ల అక్కడి కరెంటు నియంత్రణ కమిషన్, స్మార్ట్ మీటర్ వద్దనుకునేటోళ్లు పాత మీటరే ఉంచుకోవచ్చని ఒప్పుకున్నది. దానికి మొదలు 75 డాలర్లు, ఆ తర్వాత నెలకు 10 డాలర్లు కట్టాలన్నరు అప్పట్ల. అది నిజంగ జరిగిందే. కని కాలిఫోర్నియా ఆర్డర్ గోపాల్‌పూర్‌ల ఎట్ల నడుస్తది? ఆ ఇంగ్లిష్ పేజీలు చూపెట్టి “గవర్నమెంట్ ఆర్డర్” అని ఇంకెన్ని ఇండ్లల్ల చెప్పిన్రో.

మన దగ్గర సంగతి వేరే. కేంద్రం 2020 డిసెంబర్‌ల తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలల్ల, మీటర్ లేకుండ కనెక్షన్ ఇయ్యద్దు, ఆ మీటర్ స్మార్ట్ ప్రీపేమెంట్ మీటరో, ప్రీపేమెంట్ మీటరో అయ్యుండాలె అని ఉన్నది. మినహాయింపు ఏదన్న ఉంటే దానికి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఒప్పుకోవాలె. అంటే ఆ అధికారం కమిషన్‌ది. బండి మీద వచ్చేటోనికి గాదు, లైన్‌మన్‌కు గాదు, కరెంటు ఆఫీసుల ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కు) గూడ గాదు. 1,200 తీసుకొని మినహాయింపు తెచ్చే దారే లేదు. తమ్ముడు ఇంకో మాట గూడ చెప్పిండు. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్‌ల, ప్రీపెయిడ్ మీటర్ తోని కరెంటు తీసుకునేందుకు ఇష్టపడ్డోళ్ల దగ్గర డిపాజిట్ అడగద్దని ఉన్నదట. ‘ఇష్టపడ్డోళ్లు’ అని ఉన్నది గాబట్టి ప్రీపెయిడ్ అనేది మన ఇష్టమే అని వాదించేటోళ్లు ఉన్నరు. ఆ వాదన కోర్టుల, కమిషన్ ముందట చెయ్యాలె. దానికి గులాబి రసీదుతోని పనిలేదు.

అత్తమ్మ భయపడ్డదని మీరు తప్పు పట్టకండి, నేనైతే పట్టలే. వ్యవసాయ మోటార్లకు మీటర్ల ముచ్చట మన తెలంగాణల ఎంత లొల్లి అయిందో అందరం చూసినం. మీటర్ అనంగనే మనకు గుండె ఝల్లుమంటది. 2024 మే నెలల గుజరాత్‌ల వడోదర జనం, స్మార్ట్ మీటర్ పెట్టినంక పైసలు ఊకనే అయిపోతున్నయని రోడ్ల మీదికి వచ్చిన్రు. 2020 ఆగస్టుల, జన్మాష్టమి నాడే, ఉత్తరప్రదేశ్‌ల స్మార్ట్ మీటర్లున్న లక్షకు పైన ఇండ్లకు ఒక్కపారే కరెంటు పోయింది. దూరంగ కూసోని కరెంటు బంద్ చెయ్యగలిగే మీటర్ అంటే రోగి ఉన్న ఇంట్ల భయం ఉంటది. ఆ భయం నిజమైనది గాబట్టే వాళ్లు దాన్ని అమ్ముకుంటున్నరు.

కని ఆ భయాలకు నియమాలల్ల ఉన్న జవాబులు గూడ తెల్వాలె. మీటర్ ఎక్కువ తిరుగుతున్నదని మనం రాసిస్తే, 2024 ఫిబ్రవరి సవరణ ప్రకారం 5 రోజులల్ల ఇంకో మీటర్ పక్కన పెట్టి, కనీసం 3 నెలలు రెండూ సరిచూడాలె. చెక్ మీటర్ అని అడగండి. స్మార్ట్ మీటర్ పెట్టినంక లోడ్ ఎక్కువ కనబడితే, పెట్టకముందు కాలానికి జరిమానా వెయ్యద్దని 2023 సవరణల ఉన్నది. ఇంట్ల ఒక్క కిలోవాట్ రాయించుకొని కూలర్, గీజర్ నడిపించేటోళ్లకు ఇది బాగ పనికొచ్చే మాట. జీరో బిల్లు సంగతికొస్తే, అది వచ్చే గృహజ్యోతి పథకం రేషన్ కార్డును, 200 యూనిట్ల లెక్కను బట్టి వస్తున్నది.

ఇగ ఆ డబ్బా. అరచేతంత తెల్ల డబ్బా, ముందట పచ్చ లైటు. ఫ్రిజ్ పక్క ప్లగ్గుల పెడితే ఇంటి బిల్లు ముప్పై శాతం తగ్గుతదన్నరట. స్మార్ట్ మీటర్ వచ్చినా ఇది ఉంటే ఏం గాదు అన్నరట. అత్తమ్మ నమ్మింది. నమ్మి, ఎట్లనో డబ్బా ఉన్నది గదా అని, మామయ్యకు ఉక్కపోస్తుందని కూలర్ రోజుకు ఇంకో ఆరేడు గంటలు ఎక్కువ నడిపించింది. మా కూలర్ 180 వాట్లది. ఆరున్నర గంటలకు ఒక యూనిట్ మీదనే అయితది, నెలకు 35 యూనిట్లు. అంతకు ముందు నెల మాకు 186 యూనిట్లు, జీరో బిల్లు. ఈపారి 221. 200 దాటితే పైన ఉన్న 21కే గాదు, మొత్తానికి కట్టాలె: 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, మిగిలిన 21కి 7.70 చొప్పున 161 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు దానిమీద వేరే. డబ్బా కొన్నందుకు 2,600 పోయె, అది నమ్మినందుకు జీరో బిల్లు పోయె.

మా ఆయన దాని సంగతేందో తేల్చాలని ఒక ఆదివారం కూసున్నడు. ఇది మీరు గూడ చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. మీటర్ మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటది గదా, దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతదో అంకె ఉంటది. మా మీటర్‌కు 3200. ఇంట్ల అన్నీ బంద్ చేసి 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెట్టినం. లెక్క ప్రకారం నిమిషానికి 53 సార్లు మిణకాలె. నేను ఫోన్‌ల టైం చూస్తున్న, ఆయన మీటర్ కాడ నిలవడి లెక్కవెట్టిండు. డబ్బా లేకుండ 52. డబ్బా పెట్టి 52. మోటార్ ఉన్నవాటికే పనిచేస్తదంటరేమో అని కూలర్ పెట్టి ఐదు నిమిషాలు చూసినం. డబ్బా లేకుండ 47, పెట్టినంక 48. మళ్లా చూసినం, మళ్లా అంతే.

ఇగ స్క్రూడ్రైవర్ పెట్టి డబ్బా ఇప్పిండు. లోపల నల్లటి కెపాసిటర్ ఒకటి, పచ్చ లైటుకు చిన్న బోర్డు ఒకటి. మిగిలినదంత ఖాళీ. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్న: ఫ్యాక్టరీలకు బిల్లు కేవీఏహెచ్ అనే వేరే లెక్కల వేస్తరు, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటుల నిజంగ పనికొచ్చిన వంతు) తక్కువుంటే వాళ్లకు నష్టం, అక్కడ సరైన సైజు కెపాసిటర్లు పెట్టుకుంటే బిల్లు తగ్గుతది. మన ఇంటి బిల్లు కిలోవాట్ అవర్లల్ల, అంటే నిజంగ ఖర్చయిన కరెంటుకే. దాన్ని కెపాసిటర్ తగ్గియ్యలేది. ఏ కంపెనీ పేరు మీద వచ్చినా, ఆన్‌లైన్‌ల ఎన్ని చుక్కలిచ్చినా, ఇంటికి పవర్ సేవర్ కొనకండి.

వాళ్లు ఇంకో వస్తువు గూడ అమ్మజూసిన్రు, నయం, అప్పటికే అత్తమ్మ దగ్గర పైసలు అయిపోయినయి. రేకుతోని చేసిన తొడుగు. మీటర్‌కు చుట్టూ బిగిస్తే సిగ్నల్ పోదు, రేడియేషన్ రాదు అని, “వచ్చే వారం వచ్చి బాక్స్ ఇప్పి ఫిట్ చేస్తం” అన్నరు. ఇది అన్నిటికంటె ప్రమాదం. మీటర్‌కు సీలు ఉంటది. బయటోడు ఇప్పి సీలు తెంపితే కేసు సర్వీస్ ఎవరి పేరు మీద ఉన్నదో వాళ్ల మెడకు సుట్టుకుంటది. మీటర్ తోని చెలగాటమాడితే చట్టంల 135, 138 సెక్షన్లు ఉన్నయి, జైలు దాకా పోతది. మా సర్వీస్ మామయ్య పేరు మీద ఉన్నది. ఆయన దమ్ముతోని స్టేషన్ మెట్లు ఎక్కుడు నేను ఊహించుకోలేను.

నాలుగో రోజు మా ఆయన వాట్సప్‌కు “మీటర్ అప్‌డేట్” అని ఒక ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌ల యాప్ ఎక్కించే ఫైల్) వచ్చింది, 10 రూపాయలు కట్టాలని. సర్వీస్ నంబర్ కరెక్ట్‌గ ఉన్నది అందుల. ఎక్కడికెల్లి పోయిందో మీకే అర్థమైతది. ఆయన ముట్టలే. మీకు అట్ల వస్తే ఇన్‌స్టాల్ చెయ్యకండి, పొరపాటున నొక్కి పైసలు పోతే ఆ నిమిషమే 1930కి కొట్టండి.

ఇంటికి ఎవరన్న వచ్చి మీటర్ అంటే గేటు తియ్యకముందే 1912కి ఫోన్ చేసి, ఫలానా పని మీద మనుషులను పంపిన్రా అని అడగండి. మీ లైన్‌మన్ నంబర్ పెద్దోళ్ల ఫోన్‌ల పేరుతోని సేవ్ చేసి పెట్టండి, మేము ఇప్పుడు అదే చేసినం. స్మార్ట్ మీటర్ మీద మీకు అభ్యంతరం ఉంటే తెల్లకాయితం మీద మీ సొంత మాటలల్ల రాసి మీ కరెంటు సెక్షన్ ఆఫీసుల ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర, తారీఖు ఏయించుకోండి. ఇంట్ల మిషను మీద బతికే రోగి ఉంటే ఆ సంగతి తప్పకుండ రాయండి. వాళ్లు పట్టించుకోకపోతే ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉన్నది, అక్కడ గూడ కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. చార్జీల మీద కమిషన్ బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఎవరైనా పోయి మాట్లాడొచ్చు. వీటిల ఎక్కడా ఏజెంట్ అవసరం లేదు.

మేము 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌ల రాయించినం. డబ్బా, గులాబి రసీదు, వేలిముద్ర పెట్టిన ఫారం ఒక కవర్ల పెట్టి ఉంచినం, పోలీస్ స్టేషన్‌ల గూడ ఇయ్యాలనుకుంటున్నం. భీమారంల ఒకళ్లకు, హసన్‌పర్తిల ఇద్దరికి ఇట్లనే అయిందని మా షాపుకు వచ్చే అక్కలు చెప్పిన్రు. అసొంటి రసీదు మీ ఇంట్ల ఉంటే పారెయ్యకండి. ఒక్క ఇంటోళ్లు పోతే 3,800 ముచ్చట అంటరు, పది ఇండ్లోళ్లం కలిసి పోతే కేసు రాస్తరు. ఈ సోమవారం పొద్దున పదిన్నరకు మేము పోతున్నం, వచ్చేటోళ్లు కింద ఒక మాట రాయండి.